మెట్ట మీద నెత్తళ్ల తట్ట

మా గురువుగారు పైడయ్యగారికి ఈ భూమ్మీద భయమనేదే లేదు. ఈ సంగతి మాకు చెప్పింది కూడా ఆయనే.

రేవుకు ఎగువన ఇసుక మెట్ట మీద ఆయన పాక. అరుగు మీద ఎప్పుడు చూసినా కాళ్లు పైకి ముడుచుకునే కూర్చుంటారు. అదేదో గొప్ప ఆసనమనుకుని, శిష్యులం మేమూ మోకాళ్లు పట్టేసేదాకా అభ్యాసం చేశాం. ఆయనకు ఇంకో అలవాటుంది. పున్నమి పున్నమికీ రేవులో జనాన్ని పోగుచేసి ఒకే పాఠం చెబుతారు.

"సముద్రం అడుగున నేల ఒక్క ముక్క కాదర్రా. పెద్ద పెద్ద పలకలు. ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బిగిసిపోయి ఉంటాయి. ఏదో ఒకనాడు పట్టు జారుతుంది. నేల అదురుతుంది, పైనున్న నీళ్లన్నీ ఎగదన్నుకొస్తాయి. నడిసముద్రంలో పడవవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డుకొచ్చేసరికి అల తాటిచెట్టంత లేస్తుంది. నేల ఊగితే మెట్టెక్కండి. నీళ్లు వెనక్కి పోయాయా, పరిగెత్తి ఎక్కండి."

జనం "అలాగే గురువా" అని తలలూపి, వలలు బాగుచేసుకోవడానికి లేచిపోతారు. ఆయన నుదురు కొట్టుకుంటారు.

ఒక సాయంత్రం ఆయన కాళ్లు పడుతూ అడిగాను: "అంతా తెలిసి కూడా జనం ఎందుకు కదలరండీ? వాళ్లను కదిలించే మాట ఏది?"

"ఇదే ప్రశ్న ఆషాఢంలో అడిగావు, శ్రావణంలో అడిగావు. నన్ను బతకనివ్వవా?" అని విసుక్కున్నారు. ఆ విసుగు పూర్తిగా తీరాక, నేనిక్కడికి రాకమునుపు జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఒక చలికాలం పొద్దున ఉట్టి మీద కుండలు గలగలమన్నాయట. నూతిలో నీళ్లు ఊగాయట. గురువుగారు గోలపెట్టి, చేతులు పట్టి లాగి, ఊరినంతా మెట్టెక్కించారు. ఎండుచేపలు అమ్మే మరిడమ్మ తన నెత్తళ్ల తట్టను కూడా మోసుకొచ్చి ఆయన పక్కనే దించింది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. "మా గురువుకు కల వచ్చినట్టుంది" అని ఒకరు, "ఇంకాసేపుంటే టిఫిను కూడా పెడతాడు" అని ఇంకొకరు. అప్పుడు సముద్రం వెనక్కి పోయింది. పడవలు పక్కకు ఒరిగాయి. తడి ఇసుక మీద చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అందరూ నోళ్లు తెరుచుకుని మెట్ట అవతలి కొసకు చేరి చూస్తుంటే, మరిడమ్మ మాత్రం ఖాళీ తట్ట ఒకటి పుచ్చుకుని కిందికి దిగిపోయింది.

"మరిడీ, పైకి రాయే! నీళ్లు తిరిగొస్తాయే!"

"ఒక్క తట్టే గురువా! వచ్చేత్తన్నాను!"

"పలకలు జారాయే తల్లీ, చచ్చిపోతావే!"

"పలకలూ పలకలూ తగువులాడుకుంటే నాకేటి? నానేమన్నా మద్దెన దూరినానా?"

ఆయన గొంతు చించుకున్నారు. తిట్టారు. చివరికి దండం కూడా పెట్టారు. ఆవిడ వంగి చేపలేరుకుంటూనే ఉంది. దూరాన గీతలా ఉన్న నీరు లావవుతోంది.

ఇంతలో ఎక్కడిదో ఎర్రకుక్క వచ్చి నెత్తళ్ల తట్టలో మూతి పెట్టింది. గురువుగారు మెట్ట అదిరేలా ఒక్క కేక పెట్టారు: "కుక్క మరిడీ, కుక్క!"

చేతిలో తట్ట గిరవాటేసి, పమిట బిగించి, ఆ కుక్క ఏడుతరాలనూ తిట్టుకుంటూ మరిడమ్మ మెట్టెక్కింది. ఆవిడ వెనకే సముద్రం వచ్చింది. అలలా కాదట, నేలే లేచి నడిచొచ్చినట్టు. మర్నాడు చూస్తే మరిడమ్మ ఇల్లున్న చోట ఎవరిదో పడవ బోర్లా పడి ఉంది. పొయ్యిరాయి కూడా మిగల్లేదు. మనుషులు మాత్రం ఒక్కరు తగ్గకుండా మిగిలారు.

"ఏమి ఉపాయం గురువుగారూ!" అన్నాను. "ప్రాణం పోతుందంటే రాని మనిషి నెత్తళ్లు పోతున్నాయంటే వస్తుందని కనిపెట్టి, కుక్క పేరెత్తి అరిచారు. రేవంతా ఇప్పటికీ చెప్పుకునే ఉపాయం ఇదేనన్నమాట!"

ఆయన గంభీరంగా తలూపబోతుండగా మరిడమ్మే తట్ట నెత్తిన పెట్టుకుని మెట్టెక్కి వచ్చింది. ఆవిడ వెనకాల తోకాడించుకుంటూ ఒక కుక్కపిల్ల. నా చేతుల్లో ఉన్న పాదాలు చప్పున మాయమయ్యాయి. చూద్దును కదా, అరుగు మీద, ఛాతీ దాకా ముడుచుకుని ఉన్నాయి. మేం మోకాళ్లు పోగొట్టుకున్న ఆసనం అదే!

మరిడమ్మ "ఛీ, ఫో" అని కుక్కపిల్లను తోలేసి, నవ్వనైనా నవ్వకుండా వెళ్లి ఓ పక్కన కూర్చుంది. ఇది తనకు రోజూ ఉన్న పనే అన్నట్టు.

నేను నోరు విప్పకముందే గురువుగారు కసురుకున్నారు: "ఉపాయమూ లేదు, నీ మొహమూ లేదు. కుక్కంటే నాకు చచ్చేంత భయంరా. నన్ను కాపాడమనే అరిచాను."

"పోనీలెండి. ఆవిడ పరిగెత్తింది నెత్తళ్ల కోసమే కదండీ?"

ఆయన మరిడమ్మ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నెత్తళ్ల తట్ట బోర్లా పడి ఉంటే దాటుకుని నా దగ్గరికి వచ్చింది. గాటు పడిందేమోనని ముందు నా పిక్కలు చూసిందిరా."