ప్లాస్మా ఎవరికి?

అవసరం లేని ప్లాస్మా ఎక్కించి చిన్న డాక్టరు ప్రసూన ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆయన పేరు వీరాస్వామి. గట్టు మీద గడ్డి కోస్తుంటే రక్తపింజరి పాము కరిచింది. విషానికి విరుగుడు మందు సరిగ్గానే పడింది. ఒంట్లో ఎక్కడా నెత్తురు కారడం లేదు. కానీ గాజు గొట్టంలో పోసి కదపకుండా ఉంచిన ఆయన రక్తం గడ్డకట్టలేదు. వంచితే నీళ్ళలా జారింది.

విరుగుడు పడ్డాక కూడా రక్తం తేరుకోవడానికి గంటలు పడుతుందని ప్రసూన చదువుకుంది. ఆ గొట్టం చూశాక చదివిందేదీ గుర్తు రాలేదు. రక్తాన్ని గడ్డకట్టించేవన్నీ అందులోని పసుపు ద్రవం ప్లాస్మాలో ఉంటాయి కదా అని సంచీ తర్వాత సంచీ పెట్టించింది. మొదటి పసుపు సంచీ వేలాడగానే ఆమె మనసు కుదుటపడింది. వేరే వార్డుకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి వీరాస్వామి మంచం మీద లేచి కూర్చుని, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. అసలే బలహీనంగా ఉన్న గుండె అంత ద్రవాన్ని మోయలేకపోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆక్సిజన్ పెట్టి పట్నం ఆస్పత్రికి పంపారు. బతికాడు.

పెద్ద డాక్టరు కృపామణి మర్నాడు కూడా ప్రసూనకి అదే వార్డు అప్పగించింది. తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేది.

వారం తిరక్కుండా సుగుణమ్మ వచ్చింది. కలుపు తీస్తుంటే కరిచింది. మళ్ళీ రక్తపింజరే. మందు పడింది. గొట్టంలో రక్తం నీళ్ళలాగే ఉంది.

ఆమె తమ్ముడు ఏసోబు వార్డు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పక్కూరాయనకి పసుపు సంచీలు ఎక్కించారంట గదా డాక్టరమ్మా. మా అక్కకి ఎందుకు ఎక్కించరు? మేం మనుషులం కాదా?"

"అవసరమైతే ఎక్కిస్తామయ్యా."

"ఆ అవసరమేదో మీకు తెలిసేలోగా మా అక్క పోతే?"

ప్రసూన తిన్నగా కృపామణి గదికి వెళ్ళింది.

"మేడమ్, ఎక్కిస్తే ఏమవుతుందో చూశాను. ఎక్కించకుండా ఊరుకుంటే, తలలో నెత్తురు చిమ్మితే? నాకో లెక్క చెప్పండి. ఇంత దాటితే ఎక్కించు అనండి చాలు. కళ్ళు మూసుకుని అలాగే చేస్తాను."

"కళ్ళు మూసుకునా?" అంటూ కృపామణి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "పద."

సుగుణమ్మ చిగుళ్ళు చూసింది. సూది గుచ్చిన చోట దూది తీసి చూసింది. మూత్రం రంగు చూసింది.

"తలనొప్పేమన్నా ఉందా అమ్మా?"

"లేదండి. వీడిట్టాగే అరుస్తుంటే వస్తది."

కృపామణి ఒక చేత్తో సుగుణమ్మ మణికట్టు పట్టుకుంది. ఇంకో చేత్తో ప్రసూన మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం వంక చూస్తూ ఒకరి తర్వాత ఒకరి నాడి లెక్కపెట్టింది.

"ఈవిడది నిదానంగానే ఉంది. నీదే పరిగెడుతోంది," అంది. "ఇప్పుడు చెప్పు, ప్లాస్మా ఎవరికి ఎక్కిద్దాం?"

ఏసోబు నవ్వబోయి, ప్రసూన మొహం చూసి ఆగిపోయాడు. కృపామణి వెళ్ళిపోయింది.

ప్రసూన స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. సుగుణమ్మ దగ్గితే ఉలిక్కిపడింది. కళ్ళు మూసుకుంటే పేరు పెట్టి పిలిచి లేపింది. "నిద్రపోనీ తల్లీ," అని సుగుణమ్మ విసుక్కుంది.

మధ్యాహ్నం సుగుణమ్మ ఉన్నట్టుండి పక్కకి వంగి వాంతి చేసుకుంది. పళ్ళెం నిండా నెత్తురు. చిగుళ్ళలోంచి కూడా ఊరుతోంది. సూది గుచ్చిన చోట దూది తడిసిపోయింది. మళ్ళీ తీసిన రక్తం గొట్టంలో ఇంకా నీళ్ళే.

విరుగుడు మందు మరోసారి మొదలుపెట్టమని ప్రసూన నర్సుకి చెప్పింది. ప్లాస్మా మాట నోటిదాకా వచ్చింది. నోరు తెరిచి కూర్చున్న వీరాస్వామి కళ్ళముందు మెదిలాడు. గొట్టాన్ని మళ్ళీ వంచి చూసింది.

అప్పుడే లోపలికొచ్చిన కృపామణి ఆమె మణికట్టు కోసం చెయ్యి చాచింది.

ప్రసూన చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాది చూడక్కర్లేదు మేడమ్. అది కొట్టుకుంటూనే ఉంది. నెత్తురు పోతోంది ఆవిడకి."

"మరి నిలబడ్డావేం?"

ప్రసూన ఫ్రీజర్ గదికి మనిషిని పరిగెత్తించింది. ఐసులా ఉన్న ప్లాస్మా కరిగి, సంచీ వచ్చి వేలాడింది. ఆమె సుగుణమ్మ వీపు మీద స్టెతస్కోపు ఆనించి ఊపిరి వింది. మళ్ళీ వింది. ఏసోబు గుమ్మంలో గొంతుక్కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

కృపామణి తలుపు దగ్గర ఆగింది.

"భయం తగ్గిందా?"

"లేదు మేడమ్."

"అయితే అక్కడే కూర్చో."

సాయంత్రానికి నెత్తురు ఆగింది. అప్పటికి సంచీలు ఖాళీ అయి చాలాసేపయింది. ప్రసూన అప్పుడు లేచింది.

తను పెట్టించిన ప్లాస్మా చివరి చుక్క దిగేదాకా ఆ మంచం పక్కనుంచి లేవకూడదని ఆ రోజు అనుకుంది. ఏళ్ళు గడిచి, ఇప్పుడా ఆస్పత్రికి పెద్ద డాక్టరు ప్రసూనే. ఇప్పటికీ స్టూలు తనే లాక్కుంటుంది.