వేపలంక కొమ్మలమ్మవారికి మొదటి పువ్వు ఎందుకు పెట్టరు

గోదావరి పాయ నడుమనున్న వేపలంకలో రేవు దిగి, కొబ్బరితోటల వెంట కాస్త నడిస్తే శ్రీ కొమ్మలమ్మవారి సన్నిధి కనిపిస్తుంది. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఒక పాత ఇంటి పెరడే ఆలయం, చుట్టూ పెరిగిన గులాబీ పొదలే ప్రాకారం. ఇక్కడ పూలకొట్టు పెట్టినవారు నెల తిరగకుండానే మూటాముల్లె సర్దుకున్నారు. లంకవారు తమ పెరటి పువ్వు తప్ప మరొకటి అమ్మవారికి పెట్టరు. అందులోనూ మొదటిది పెట్టరు.

పూర్వం ఇక్కడ మంగతాయమ్మ అనే ఇల్లాలు ఉండేది. బిడ్డలు లేని ఆమెకు పెరటి గులాబీలే బిడ్డలు. పశువుల గెత్తం ఎరువుగా వేసేది, బియ్యం కడిగిన నీళ్ళు పోసేది, ఆకు రాలితే బెంగపడేది. కత్తి మాత్రం తాకనిచ్చేది కాదు. దాంతో కొమ్మలు చూరుదాకా ఎగబాకాయి గాని, ఏటికేడు పూలు తగ్గిపోయాయి. ఆమె తోటికోడలు వరహాలు పూలతోటలవారి ఆడపడుచు. కత్తిరిద్దామని ఎన్నోసార్లు చెప్పి చూసింది. మంగతాయమ్మ చెవిన పెట్టలేదు.

ఒక ఆశ్వయుజంలో మంగతాయమ్మ అన్నగారింటికి వెళ్ళి, నాలుగు రోజులకు తిరిగి వచ్చేసరికి పొదలన్నీ మోకాలెత్తు మోళ్ళై ఉన్నాయి. అక్కను సంతోషపెట్టబోయి వరహాలు చేసిన పని అది.

“కోస్తేనే పూస్తాదక్కా. నలభై రోజులు ఓపిక పట్టు” అంది వరహాలు.

“నా పచ్చని చెట్లు చూసి కళ్ళలో నిప్పులు పోసుకున్నావు. ఇక నా గడప తొక్కకు.”

ఇంట్లో ఎవరు చెప్పినా మంగతాయమ్మ వినలేదు. వరహాలు కట్టుబట్టలతో పడవెక్కి పుట్టింటికి పోయింది. నరికిన కొమ్మలను మంగతాయమ్మ పెరటి మూలకు విసిరికొట్టింది.

నలభై రోజులు తిరిగేసరికి ప్రతి మోడూ ఆకు కనబడనంతగా పూసింది. సంతోషించవలసిన మనిషి ఆ పూలను చూడలేక తలుపు వేసుకుంది. వెళ్ళి పిలుచుకు రావాలని ప్రాణం కొట్టుకున్నా పెద్దరికం అడ్డొచ్చింది. రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు గడిపేసింది. పదకొండోనాటి తెల్లవారుజామున, పూలు లేని జడతో ఒక ముత్తైదువ కలలో కనిపించి, “నీ మొదటి పువ్వు నాకొద్దు. ఎవరిని నొప్పించావో వారి తలలో పెట్టి రా” అని పలికింది.

మంగతాయమ్మ పువ్వు కోసుకుని తొలి పడవకే వెళ్ళింది. వరహాలు జ్వరంతో కన్నుమూసి అప్పటికి మూడు రోజులైంది. పూసిన నాడే బయలుదేరి ఉంటే ఆ పువ్వు జడకు అందేది.

“రోజూ అడిగేదమ్మా, అక్క చెట్లు పూసాయా అని” అంది వరహాలు తల్లి.

తిరిగి వచ్చిన మంగతాయమ్మకు పెరటి మూలన విసిరిన కొమ్మలు వేళ్ళూని చిగిర్చి కనిపించాయి. వాటి నడుమ జానెడు రాతి విగ్రహం వెలసి ఉంది. అందుకే అమ్మవారికి కొమ్మలమ్మ అని పేరు. మంగతాయమ్మ బతికినన్నాళ్ళూ ఆ తల్లిని కొలిచింది గాని, ఆమెకు మనశ్శాంతి దొరికిందని మాత్రం పెద్దలెవరూ చెప్పరు.

నేటికీ ఆశ్వయుజంలో లంకలో ఇంటింటా గులాబీలు కత్తిరిస్తారు. పూసిన మొదటి పువ్వును తాము మాటతో నొప్పించినవారికి ఇచ్చి, ఆ తర్వాతే దర్శనానికి వస్తారు. అలా వచ్చినవారి ఇళ్ళలో కలతలు తీరి, సంతానం వర్ధిల్లుతుందని నమ్మకం. ఇవ్వవలసిన మనిషి లేకుండా పోయినవారు ఆ పువ్వును కోయకుండా ఒట్టి చేతులతో వస్తారు. అలాంటివారినీ అమ్మ కాదనదు. మార్గశిరంలో లంక వీధుల వెంట నడిచి చూడండి. కొమ్మ మీదే వాడిపోయిన పువ్వు లేని పెరడు ఒక్కటీ కనబడదు.