నూనె ఊరని జాడీ

అనగా అనగా, వేసవి వస్తే చాలు ఊరు ఊరంతా ఆవఘాటుకి ముక్కు తుడుచుకునే ఒక రేవు పట్టణం ఉండేది. దాని పేరు మామిడిరేవు.

ఆ ఊరి వాళ్లకి ఒక అలవాటు. ఓడెక్కి పరాయి దేశం వెళ్లేవాళ్ల చేతికి "మావాడికి ఇది కాస్త అందజేయండి" అంటూ ఎవరు ఆవకాయ జాడీ ఇచ్చినా కాదనేవారు కాదు. తమ మూటైనా మరిచిపోతారేమో గాని, పక్కింటివాళ్ల జాడీని మరిచిపోరు. ఒకసారి ఒక పెళ్లికొడుకు పదకొండు జాడీలతో ఓడెక్కి, పెళ్లిలో కట్టుకోవాల్సిన పంచె రేవులోనే వదిలేశాడు. పెళ్లి ఎలా జరిగిందని మాత్రం అడక్కండి.

ఆ ఊళ్లో గవరమ్మ పెట్టిన ఆవకాయకి తిరుగులేదు. ఆమె పెంచిన చెల్లెలి కూతురు వకుళ. పంతొమ్మిదేళ్ల పిల్ల. పెద్ద కళ్లు, చక్కని గొంతు. ఆవాలు దంచడం వచ్చు, పాడటం వచ్చు, ఓడల వంక చూసి నిట్టూర్చడం అన్నిటికన్నా బాగా వచ్చు. సముద్రానికి ఆవలి ఒడ్డున లవణద్వీపం ఉందని, అక్కడి ఉప్పుకొండలు పొద్దుటి ఎండలో గులాబీరంగు తిరుగుతాయని విన్నది మొదలు, ఆమె కాళ్లు ఇంట్లో, కళ్లు రేవులో.

ఆ చూపుని కనిపెట్టినవాడు ఓడల వర్తకుడు మందహాసుడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని ఆ పేరు. ఆ పేరులో మందు కూడా ఉందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

"అమ్మా వకుళా, నా ఓడలో ఒక చోటు ఖాళీగా ఉంది. వెళ్లి ఉప్పుకొండలు చూసి రారాదూ?" అన్నాడు. ఎర్రరాళ్ల జుంకాలు కూడా చేతిలో పెట్టాడు. చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, "అన్నట్టు మా మేనల్లుడు అక్కడే ఉన్నాడు. ఈ ఆవకాయ జాడీ వాడికి అందజేయి. పాపం, పరాయి కూడు నోటికి సహించడం లేదట" అన్నాడు.

జాడీ అన్నాక మామిడిరేవు పిల్ల కాదంటుందా? ఎత్తుకుంది.

ఓడ అయిదు రోజులు సాగింది. మూడో రోజు ఒక చిన్న సంగతి జరిగింది. దాన్ని ఇప్పుడే చెప్పను, కాస్త ఓపిక పట్టండి.

అయిదో రోజు ఓడ లవణద్వీపం చేరింది. జాడీ బరువుగా ఉంటే వకుళ ఓడ కళాసీని పిలిచింది. అతనూ మామిడిరేవు వాడే, పేరు పోలయ్య. మొహం నిండా స్ఫోటకం మచ్చలు, పిలిస్తే పలికే మనసు.

"కాస్త ఒడ్డున దించిపెడతావా, పోలయ్యా?"

"దానికేటి వకుళమ్మా" అని పోలయ్య జాడీ నెత్తినెట్టుకున్నాడు.

ఆ దీవి రేవు వాకిట్లో ఒక ముంగిస ఉండేది. వచ్చిన ప్రతి సరుకునీ వాసన చూడటం దాని ఉద్యోగం. మామిడిరేవు జాడీ వస్తే అల్లంత దూరం నుంచే తుమ్మేది. ఆ రోజు పోలయ్య దించిన జాడీ చుట్టూ మూడుసార్లు తిరిగింది. తుమ్మలేదు.

"ఆవఘాటు లేని ఆవకాయట. నేను నమ్మను" అని వెళ్లి కావలివాళ్ల కాళ్ల దగ్గర కూర్చుంది.

కావలివాళ్లు అంచు విరిగిన ఆ జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పారు. పైన నాలుగు వేళ్ల మందాన ఘాటు పోయిన పాత కారప్పొడి. కిందంతా నల్లమందు.

ఆ దీవిలో నల్లమందు మాట ఎత్తితేనే జనం వణికిపోతారు. అది తిన్నవాడు ముందు నవ్వుతాడు, తర్వాత నిద్రపోతాడు, ఆఖరికి ఇంటి దారి మరిచిపోతాడు. తెచ్చినవాళ్లకి ముప్పై ఏళ్లు ఉప్పు మడుల్లో చాకిరీ శిక్ష.

"ఎవరిదీ జాడీ?" అని అడిగారు.

"నేను మోశానంతేనండి" అన్నాడు పోలయ్య.

వకుళ ఏడ్చింది. ఏడుపు తప్ప నోట ఒక్క మాట రాలేదు. మోసినవాడినీ ఏడ్చినదాన్నీ ఇద్దరినీ పక్కపక్క గదుల్లో పెట్టి, పున్నమి నాడు రాణిగారు తీర్పు చెబుతారన్నారు. పున్నమికి మూడు వారాలుంది.

వకుళ గదికి సముద్రం వైపు ఒక కిటికీ ఉండేది. అందులోంచి నిజంగానే ఉప్పుకొండలు కనిపించేవి. పొద్దున్నే నిజంగానే గులాబీరంగు తిరిగేవి. వకుళ మాత్రం వాటికి వీపు పెట్టి కూర్చునేది. ఆమెకి కావాల్సింది దంపుడు చప్పుడు. పెద్దమ్మ "ఏమే, ఆవాలు దంచుతున్నావా, జోకొడుతున్నావా" అని కసిరే గొంతు. ఆవకాయ కలిపిన పళ్లెంలో వేడన్నం వేసి కలిపితే వచ్చే ఆ ఎరుపు. మొన్న మొన్నటి దాకా ముక్కు మూసుకున్న ఆ ఘాటే ఇప్పుడు దొరికితే గుండెల నిండా పీల్చుకునేది.

సాయంత్రమైతే కిటికీ కింద నుంచి ఒక తల్లి వెళ్లేది. మీసాలొచ్చిన కొడుకుని చేయి పట్టుకుని నడిపించుకుంటూ, "ఇటు నాయనా, మన ఇల్లు ఇటు" అనేది. వాడు రోజూ అదే మలుపు దగ్గర ఆగి, కొత్తచోటు చూసినట్టు చూసేవాడు. వకుళ మొదట వాళ్లని చూసేది. తర్వాత చూడటం మానేసింది. కానీ చెవులకి రెప్పలుండవు కదా.

మొదటి వారం మామిడిరేవు నుంచి ఒక నీటికాకి ఎగిరొచ్చి కిటికీలో వాలింది. దానికి చేపలు తినడం కంటే కబుర్లు మోయడం ఇష్టం.

"అమ్మాయీ, మీ ఊరంతా నీ కోసం ఏడుస్తోంది. నువ్వు అమాయకురాలివట. పసిపిల్లవట. వీధి వీధికీ ఏడుపులే. నిన్న చేపల బజారులో ఏడ్చి ఏడ్చి ఎవరూ చేపలు కొనలేదు. నా కడుపు నిండింది."

వకుళ ప్రాణం లేచొచ్చింది. "మా పెద్దమ్మో?"

"ఆవిడ ఏమీ అనలేదు. ఆవాలు ఎండబెడుతోంది."

రెండో వారం నీటికాకి మళ్లీ వచ్చింది. "నీ మీద పాట కట్టారు. రోజుకో చరణం పెరుగుతోంది. చరణానికోసారి నీ కళ్లు కూడా పెరుగుతున్నాయి. ఇప్పటికి తామరాకులంత అయ్యాయి. నీ బొమ్మలు చేసి వాకిళ్లలో పెట్టుకున్నారు."

పక్కగది గోడ అవతల నుంచి పోలయ్య గొంతు వినిపించింది. "మరి నా గురించేటి అంటన్నారు, పిట్టా?"

నీటికాకి కాసేపు రెక్కలు సర్దుకుంది. "నీ బొమ్మా చేశారు. కొమ్ములు పెట్టారు. పిల్లని మోసం చేసినవాడు నువ్వేనట."

"పోన్లే, బొమ్మంటూ చేశారు" అన్నాడు పోలయ్య. కాస్త ఆగి, "నా పడవకి ఒక పక్కే తారు పూశాను పిట్టా. వానలొస్తే రెండో పక్క నానిపోద్ది. ఎవరికైనా చెప్పు" అన్నాడు.

వకుళ గోడ వంక చూడలేకపోయింది. "పెద్దమ్మ ఏమంది?" అని మెల్లగా అడిగింది.

"నోరు విప్పలేదు. జాడీలు కడుగుతోంది. ఊళ్లో వాళ్లు రాతిగుండె అంటున్నారు."

మూడో వారం నీటికాకి ఒంటరిగా రాలేదు. వెనకే ఓడ వచ్చింది. అందులో మామిడిరేవు పెద్దలు పదిమంది, రాణిగారికి కానుకగా రెండు ఆవకాయ జాడీలు. పెద్దల ముందు నిలబడి అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది ఎవరనుకున్నారు? మందహాసుడే.

వాళ్లు వకుళ గదికి వచ్చి ఒక కాగితం పెట్టారు. ఊరి పెద్ద చెప్పాడు. "తల్లీ, ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి. జాడీ పోలయ్యదని, మాయమాటలు చెప్పి నీ సామానులో పెట్టాడని రాశాం. రేపు పున్నమి. నువ్వు పసిదానివని ఊరంతా అంటోందని చెబితే రాణిగారు కాదనరు. వారం తిరిగేసరికి ఇంట్లో ఉంటావు."

వారం తిరిగేసరికి ఇల్లు. వకుళ ముక్కుకి ఆవఘాటు తగిలినట్టే అయింది. వేలు సిరా దాకా వెళ్లింది.

"పెద్దమ్మ ఏమైనా చెప్పిందా?" అని అడిగింది.

పెద్దలు మొహాలు చూసుకున్నారు. కిటికీలోంచి నీటికాకి అంది. "చెప్పింది. ఈ ఏటి ఆవకాయ కలిపేసి, చేతులు కడుక్కుని, ఒకే మాట చెప్పింది. మూడో రోజు జాడీ తిరగకలిపిందా అని అడిగి రా, అంది."

పెద్దలు నుదురు కొట్టుకున్నారు. పిల్ల చెరసాల్లో ఉంటే ఆవకాయ గొడవేమిటి, అన్నారు. వకుళ మాత్రం వేలు వెనక్కి తీసుకుంది.

మీ ఇళ్లలో ఆవకాయ పెట్టేటప్పుడు చూసి ఉంటారు. కలిపిన మూడో రోజు వాసెన విప్పి, తెడ్డుతో అడుగు దాకా తిరగకలపాలి. లేకపోతే పాడవుతుంది. అందాకా వాసెన గుడ్డకి నూనె ఊరుతూ ఎర్రమరక పాకుతుంది. గవరమ్మ ఇంట్లో పెరిగిన పిల్ల పరాయివాళ్ల జాడీనైనా మూడో రోజు కలపకుండా ఉండలేదు.

ఇందాక ఆపిన సంగతి ఇప్పుడు చెబుతాను. ఓడలో మూడో రోజు వకుళ తెడ్డు పట్టుకుని జాడీ దగ్గర కూర్చుంది. గుడ్డ తెల్లగా ఉంది. ఒక్క నూనె చుక్క ఊరలేదు. చెయ్యి ముడి మీదకి వెళ్లింది. చెవి జుంకా ఊగింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

అలా వెనక్కి వచ్చిన చేతిని పెద్దమ్మ వెయ్యి మైళ్ల అవతల కూర్చునే కనిపెట్టేసింది.

మర్నాడు కొలువులో లవణద్వీపపు రాణి కూర్చుంది. పెద్దావిడ. ఉప్పుగాలికి ఎండిన మొహం.

"ఈ పిల్ల అమాయకురాలని మీ ఊరంతా ఏడుస్తోందట" అంది పెద్దలతో. "మంచిదే. మా దీవిలో నలభై మంది పిల్లలు ఇంటి దారి మరిచిపోయారు. వాళ్ల కోసం మీ ఊళ్లో ఎవరైనా కంటతడి పెట్టారా?"

పెద్దలు కండువాలు సర్దుకున్నారు. మందహాసుడి ఏడుపు ఆగిపోయింది.

"నువ్వు చెప్పమ్మా" అంది రాణి.

వకుళ జుంకాలు తీసి కింద పెట్టింది. "జాడీ నాతో వచ్చింది. పోలయ్య మెట్లు దించాడంతే. లోపలున్నది ఆవకాయ కాదని నాకు మూడో రోజే అనుమానమొచ్చింది. ఏముందో తెలిస్తే ఉప్పుకొండలు చూడలేనని విప్పలేదు. నేను అమాయకురాలిని కాదు, అమ్మగారూ. ఇచ్చినవాడు అదుగో, ఏడుస్తున్నాడు."

పెద్దలు అదిరిపడ్డారు. మందహాసుడు మాత్రం నవ్వాడు. "చెరసాలలో పిల్ల మతి చెదిరింది. ఆ జాడీ మొహమైనా నేను చూసి ఎరగను."

రాణి తలూపింది. అందరికీ భోజనం వడ్డించమంది. వేడన్నం పక్కన మూడు జాడీలు తెచ్చి పెట్టించింది. "వీటిలో ఒకటి పట్టుబడిన జాడీ. రెండు మీరు తెచ్చినవి. మీకు నచ్చిన దాంట్లోంచి తలా ఒక ముద్ద కలుపుకోండి."

ఊరి పెద్దలు మూడింటి వంకా చూశారు. తాము తెచ్చినవేవో పోల్చుకోలేక ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. మందహాసుడికి ఆకలి ఎక్కువ, ధీమా ఇంకా ఎక్కువ. అంచు విరిగిన జాడీని పక్కకి నెట్టి, రెండో దాంట్లోంచి ఇంత ముక్క వేసుకుని ముద్ద కలిపాడు.

రాణి అంది. "వీళ్లంతా మూడింటికీ భయపడ్డారు. నువ్వు ఒక్కదానికే భయపడ్డావు. మొహమైనా చూడని జాడీని అంచు చూసి ఎలా గుర్తుపట్టావు, నాయనా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ మొహం మీద నవ్వు లేకపోవడం జనం అప్పుడే మొదటిసారి చూశారు. పట్టుబడిన జాడీని రాణి ముందే కడిగించి ఆవకాయ నింపించింది. మూడు జాడీల్లోనూ ఉన్నది ఆవకాయేనని ముంగిస మూడుసార్లు తుమ్మి చెప్పింది.

మందహాసుడు ముప్పై ఏళ్ల చాకిరీకి ఉప్పు మడుల్లోకి వెళ్లాడు. పోలయ్య ఆ పూటే ఓడెక్కాడు. వకుళకి రాణి మూడేళ్లు వేసింది. పగలు మడుల్లో పని. సాయంత్రం, ఇంటి దారి మరిచిపోయిన పిల్లలని చేయి పట్టుకుని ఎవరింటికి వాళ్లని చేర్చాలి.

ఆ వారం నీటికాకి వచ్చింది గాని, కిటికీ మీద కుదురుగా కూర్చోలేదు. "అమ్మాయీ, పాట ఆగిపోయింది. నీ బొమ్మలు తీసేశారు. తెలిసే చేసిందట కదా, ఇన్నాళ్లూ మా కన్నీళ్లు దండగ, అంటున్నారు."

"పెద్దమ్మో?"

"నీ వాటా జాడీ విడిగా తీసిపెట్టింది."

మూడు మామిడి కాలాలు గడిచాయి. ఎన్ని సాయంత్రాలు "ఇటు నాయనా, మీ ఇల్లు ఇటు" అందో వకుళకే తెలియదు. అలా అన్న ప్రతిసారీ ఆమె మనసు తన ఇంటి దారిలో ఒక్కో అడుగు వేసేది. చేపల బజారు, ఉప్పు గిడ్డంగి మలుపు, పెద్దమ్మ అరుగు. ఒక్క మలుపూ మరిచిపోలేదు.

నాలుగో వేసవిలో ఓడ మామిడిరేవు చేరింది. ఒడ్డున జనం లేరు, పాట లేదు. రెండు పక్కలా నున్నగా తారు పూసిన పడవ ఒకటి ఉంది. దాని పక్కన పోలయ్య, అతని పక్కన గవరమ్మ.

వకుళ పెద్దమ్మ ముందు తల వంచుకుని నిలబడింది.

గవరమ్మ ఆమెని కిందనుంచి మీదదాకా చూసింది. "చిక్కిపోయావే" అంది. కొంగు చాటు నుంచి తెడ్డు తీసి చేతిలో పెట్టింది. "మొన్ననే కలిపాను. ఇవాళ్టికి మూడో రోజు. పద, నువ్వే తిరగకలుపు."

వకుళ తెడ్డు గుండెలకి హత్తుకుంది. ఆ ఘాటుకే కళ్లనీళ్లొచ్చాయంది. పోలయ్య నమ్మినట్టు తలూపాడు.

కాబట్టి పిల్లలూ, ఎదుటి మనిషి ఏ తప్పూ చేయలేదని నమ్మినంతసేపే నిలిచే జాలి ఎండకి ఆరిపోతుంది. తప్పు ఒప్పుకుని వచ్చిన మనిషి కోసం రేవులో నిలబడి ఉండేదే దయ, దాని దగ్గరికి చేర్చే దారి నిజం చెప్పడమొక్కటే.