నక్క అంగట్లో అందరిదీ బోణీయే

అనగనగా ఒక అడవిలో, ఏటి మలుపు దగ్గర, ఒక నక్క సీతాఫలాల అంగడి పెట్టింది. పళ్ళు మంచివే. ధరే కొంచెం... కొంచెమేమిట్లే, మండిపోయేది! ఎక్కడైనా రెండు గవ్వలకు దొరికే పండు అక్కడ ఐదు గవ్వలు.

అయినా ఎవరూ ఉత్తచేతులతో వెళ్ళేవారు కాదు. ఎందుకంటారా? నక్క దగ్గర "బోణీ" అనే మాట ఉండేది.

బోణీ అంటే తెలుసుగా? అంగట్లో ఆ రోజు జరిగే మొదటి బేరం. అది చెడిపోతే రోజంతా అమ్మకం సాగదని నమ్మకం. అందుకే మంచివాళ్ళెవరూ బోణీ కాదనరు, గీచిగీచి బేరమాడరు.

పొద్దున్నే కుందేలు వచ్చింది. ధర విని వెనక్కి తిరగబోయింది.

"చెల్లెమ్మా, నీదే బోణీ! చల్లని చెయ్యి నీది, కాదనకమ్మా," అంది నక్క. పాపం, కుందేలు మొహమాటపడి కొనేసింది.

మధ్యాహ్నం ఎలుగుబంటి వచ్చింది. "ఇంత ధరేమిటి అల్లుడూ?" అంది.

"మామా, పొద్దున్నుంచీ ఈగలు తోలుకుంటున్నా. నీదే బోణీ!" అంది నక్క, గవ్వల పెట్టెను ఆకుతో కప్పేస్తూ.

పొద్దు వాలే వేళకు తాబేలు అవ్వ వచ్చింది. "అవ్వా, నీదే బోణీ!" అంది నక్క.

"ఇంకా కాలేదా నాయనా!" అని అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జాలిపడి, చితికిన పండు కూడా కొనుక్కుపోయింది.

నక్కకు సిగ్గేసిందా? అబ్బే! "ఒక్క మాటే కదా, ఎవరి సొమ్మేం పోయింది?" అనుకుంది. ఎవరిది పోయిందో తెలియనట్టు!

మర్నాడు ముగ్గురూ ఏటి ఒడ్డున కలిశారు.

"నిన్న నక్కన్నకు బోణీ నేనే చేశా," అంది కుందేలు గొప్పగా.

"నువ్వెలా చేస్తావు? చేసింది నేను!" అంది ఎలుగుబంటి.

"ఆగండర్రా," అంది అవ్వ. "నాదీ బోణీయే. అదీ పొద్దు వాలేటప్పుడు!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

సరిగ్గా ఆ రోజే నక్క, దాచుకున్న గవ్వలన్నీ పోసి గుట్టెడు సీతాఫలాలు తెచ్చింది. అన్నీ మిగలపండినవే. ఆ పూట అమ్ముడుపోతే సరి, లేకపోతే కొంప మునిగినట్టే. అంతలో ముగ్గురూ కలిసి అంగడికి వచ్చారు.

"చెల్లెమ్మా, నీదే బోణీ!" అంది నక్క.

"రోజూ నేనేనా? ఎలుగు మామ చేత చేయించు నక్కన్నా. బోణీ కాగానే కేకెయ్యి, కొంటా," అంది కుందేలు.

"అవ్వ ఉండగా నేనా? తప్పు కదూ!" అంది ఎలుగుబంటి.

"నా చెయ్యి వణుకుతుంది నాయనా. పిల్లలు చేస్తారులే," అంది అవ్వ.

ముగ్గురూ అంగడి ముందు చతికిలబడ్డారు. ఎంత మర్యాదో చూడండి!

ఎండ ముదిరింది. పళ్ళు పగలడం మొదలైంది. నక్క ఈసారి నిజంగానే ఈగలు తోలుకుంటోంది. "ఒట్టు! ఇవాళ నిజంగా బోణీ కాలేదు!" అని ఏడుపు మొహంతో అరిచింది.

"తెలుసు నాయనా, రోజూ చెప్తావుగా," అంది అవ్వ.

చివరికి నక్క, రొంటిన మిగిలిన గవ్వలు తీసి తన పెట్టెలో తనే వేసుకుంది. తన పండు తనే తీసుకుంది. పెట్టెను కళ్ళకద్దుకుని, "బోణీ అయింది! రండి, రండి!" అంది.

"ఎవరు చేశారు?" అంది కుందేలు.

"నేనే!"

"పండెంతకిచ్చుకున్నావు?" అంది అవ్వ.

నక్క నోరు జారింది. "రొంటిన ఉన్నవి రెండు గవ్వలే అవ్వా."

"బోణీ ధరే రోజంతా ధర. మాకూ రెండే," అంది అవ్వ, నెమ్మదిగా లేస్తూ.

నక్క పళ్ళ వైపు చూసింది. ఈగల వైపు చూసింది. "తీసుకోండి," అంది.

కుందేలు మంచి పళ్ళు ఏరుకుంటూ, "ఎంత చల్లని చెయ్యి నక్కన్నా నీది!" అంది.

నీతి: మాయమాటతో నాలుగు రోజులు సరుకు అమ్ముకోవచ్చు, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవాళ్ళుండరు.