మూడు రోజుల సున్నపుండ

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక రాజ్యం. ఏరు మాత్రం ఏ రాజు మాటా వినేది కాదు. ఏటేటా వానాకాలంలో పొంగి కుమ్మరివీధిలోకి వచ్చేది.

రాజు చంద్రకేతుడు మంచివాడే. ఒడ్డు వెంట రాతిగోడ కట్టించాలనుకుని, ఆ పని మేస్త్రీ పోలయ్యకు అప్పగించాడు. పోలయ్య కూతురు ముత్యాలు ఆ వీధి కోడలే. ఇక అతను ఎంత శ్రద్ధగా పని చేస్తాడో వేరే చెప్పాలా?

రాయి మంచిదే వచ్చింది. సున్నం మాత్రం వర్తకుడు పాపయ్య కొట్లో ఏడాదిగా తేమ పీల్చినది వచ్చింది.

పోలయ్య ఒక సున్నపురాయి తీసి నీళ్ళలో వేశాడు. మంచి సున్నమైతే బుసబుసా ఉడకాలి. ఇది ఉలకలేదు, పలకలేదు.

"నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి మేస్త్రీ" అన్నాడు పాపయ్య.

పోలయ్య తడిసిన సున్నాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. వెన్నలా జారాల్సింది గరగరలాడింది.

"నీ వేళ్ళే కాయలు కాచాయి" అన్నాడు పాపయ్య.

పోలయ్య ఆ సున్నంలో ఇసుక, కరక్కాయ నీళ్ళు కలిపి ఒక ఉండ చేశాడు. "మూడు రోజులు ఆరనిచ్చి నీళ్ళలో వేస్తాను. ఉండ నిలిస్తే గోడ నిలుస్తుంది" అని రాజుకు చెప్పాడు.

రాజు పక్కనున్న జోస్యుడు ఉలిక్కిపడ్డాడు. "మహారాజా! శంకుస్థాపనకు ముహూర్తం రేపు ఉదయం. అది దాటితే ఆరు నెలల దాకా లేదు!"

"ప్రభూ, చచ్చిన సున్నం ఏ ఘడియలో కలిపినా చచ్చినదే" అన్నాడు పోలయ్య.

అతని వృత్తిలో అది మామూలు మాట. ఉడకని సున్నాన్ని మేస్త్రీలందరూ అలాగే అంటారు. రాజు ముఖం మాత్రం ముడుచుకుపోయింది.

"శుభమా అని పని మొదలుపెడుతుంటే చావు మాట ఎత్తుతావా? ఈ గోడ మీద నీ చెయ్యి పడకూడదు. పో!"

మర్నాడు వేరే మేస్త్రీలు పాలు పోసి, పసుపు చల్లి, అదే సున్నంతో మొదటి రాయి వేశారు.

మూడో రోజు పోలయ్య తన ఉండను చెంబెడు నీళ్ళలో వేశాడు. అది చూస్తుండగానే బురదైపోయింది. చెంబు పట్టుకుని రాజు దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికి గోడ మోకాలెత్తు లేచింది.

"మంచి ముహూర్తంలో లేచినదాన్ని పడగొడితే రాజ్యానికే అరిష్టం" అన్నాడు రాజు, చెంబులోకి చూడకుండానే.

పోలయ్య కూతురి ఇంటికి వెళ్ళాడు. "అమ్మా, వానలు రాకముందే వచ్చేయండి."

ముత్యాలు నవ్వింది. "కాల్చాల్సిన కుండలు ఆములో పేర్చి ఉన్నాయి నాయనా. వదిలి ఎలా రాను? అయినా, అంత మంచి ముహూర్తంలో కట్టిన గోడ కూలుతుందా?"

ఆ మాట అన్నది రాజు కాదు, జోస్యుడు కాదు, కన్నకూతురు. పోలయ్య వచ్చిన దారినే వెనుదిరిగాడు.

శ్రావణంలో ఒక మిట్టమధ్యాహ్నం ఏరు వచ్చింది. గోడను ఢీకొట్టనైనా లేదు, ఊరికే తడిపింది. రాళ్ళ మధ్య సున్నం తెల్లగా కరిగి పారింది. దాని వెనకే రాళ్ళు దొర్లాయి, రాళ్ళ వెనకే నీళ్ళు వచ్చిపడ్డాయి. సాయంత్రానికి కుమ్మరివీధి లేదు. ముత్యాలు లేదు.

రాజు పాపయ్యను దేశం నుంచి వెళ్ళగొట్టాడు. పోలయ్యను పిలిచి పట్టుబట్టలు పెట్టి, "ఇకమీదట రాజ్యంలో ప్రతి సున్నమూ నువ్వు చూశాకే వాడతారు. సమ్మతమేనా?" అన్నాడు.

"చిత్తం ప్రభూ" అన్నాడు పోలయ్య. "మూడు రోజులు అడిగాను. అప్పుడు లేవన్నారు. ఇప్పుడు నాకు రోజులన్నీ ఉన్నాయి, ఏం చేసుకోను?"

రాజు తల వంచుకున్నాడు. పట్టుబట్టలు అక్కడే ఉండిపోయాయి.

ఆ రాజ్యంలో ఇప్పటికీ ముందు సున్నపుండను నీళ్ళలో వేసి చూస్తారు, ఆ తర్వాతే పంచాంగం విప్పుతారు.

నాణ్యం చూడకుండా కట్టిన గోడను ఏ ముహూర్తమూ నిలబెట్టలేదు.