అంచు మాడిన డేనిష్

ఇందుమతి ఆ రోజు పిండి కలపడానికి రాలేదు. మానేస్తానని చెప్పడానికి వచ్చింది.

భీమిలిలో రూతమ్మ గారి వంటిల్లంటే తెలిసినవాళ్లకు గురుకులమే. కూనూరులో ఒక హాస్టల్ బేకరీలో ఏళ్ల తరబడి పనిచేసి, ముసలితనంలో సొంతూరు చేరిన మనిషి. మైదాపిండి పొరల మధ్య వెన్న పరిచి, మడతలు పెట్టి, నడుమ పండ్ల గుజ్జు నింపి కాల్చే డేనిష్ పేస్ట్రీలు ఇంట్లో చేసుకోవడం నేర్పేవారు. నేర్పడమంటే పెద్దగా మాట్లాడేది ఉండదు. చేసి పట్టుకెళితే కొరికి చూసి, "ఇంకా రాలేదు" అనేవారు. అంతే.

ఇందుమతికి ఎండాకాలం నుంచీ అదే మాట. ఇప్పుడు వానలు కూడా మొదలయ్యాయి.

"అందరూ బాగున్నాయనే అంటున్నారండీ. మీరొక్కరే రాలేదంటారు, ఏం రాలేదో చెప్పరు," అంది గుమ్మంలోనే నిలబడి. "నాకేమో ఎప్పుడు తిన్నా చేదుగానే ఉంటాయి. వారమంతా బడిలో పిల్లలతో అరిచి, ఇంటికొచ్చి వంట చేసి, దొరికిన కాస్త తీరికా ఈ వెన్నతో కుస్తీ. నాకంటూ పెట్టుకున్నది ఇదొక్కటే. ఇదీ చాకిరీ అయిపోయింది. ఇంక నా వల్ల కాదండీ."

భుజానున్న సంచి కూడా దించలేదు.

"కూర్చో తల్లీ," అని రూతమ్మ గారు ఓవెన్ తలుపు తీశారు. లోపలున్నవి ఇందుమతివే. నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చి తనే మడిచి, సింహాచలం అనాసపండు గుజ్జు నింపి, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లింది. ఎర్రగా, గుల్లగా పొంగాయి. మూలనున్న ఒక్కటి మాత్రం విచ్చిపోయి, గుజ్జు కారి, అంచు నల్లగా మాడింది.

ట్రే బల్ల మీద పెట్టారు. కాస్త చల్లారాక, "ఒకటి తీసుకో," అన్నారు.

ఇందుమతి చెయ్యి తిన్నగా మూలకే వెళ్లింది.

"అదే ఎందుకూ?"

"అలవాటండీ. బాగున్నవి పిల్లలకీ, అత్తయ్యగారికీ, ఆయనకీ పెడతాను. విచ్చినవీ మాడినవీ పారేయలేం కదా."

"అవి నువ్వు తింటావు."

"ఇంకెవరు తింటారండీ?" అంది ఇందుమతి, ఇదేం ప్రశ్న అన్నట్టు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేదీ తనే, కడబంతిన ఎండిపోయేదీ తనే!

రూతమ్మ గారు ఆ మాడినదాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని పెరటి తలుపు తీసి విసిరేశారు. వానలో ముడుచుకు కూర్చున్న కోళ్లు దాని మీద పడ్డాయి. తిరిగొచ్చి, ట్రే మధ్యలోంచి అన్నిటికన్నా చక్కగా వచ్చినదాన్ని పళ్లెంలో పెట్టి ఇందుమతి ముందుకు జరిపారు.

ఇందుమతి దాన్ని చూసింది. మెల్లగా సంచిలోంచి చేతిరుమాలు తీసింది.

"మా చిన్నాడికి అనాసంటే ప్రాణమండీ..."

రూతమ్మ గారు ఆ రుమాలు లాక్కుని నడుము దగ్గర దోపుకున్నారు. నొప్పి మోకాళ్లు పట్టుకుని ఎదురుగా కుర్చీలో కూలబడ్డారు.

ఇందుమతి కొరికింది. పైపొర కరకరమని విరిగి ఒళ్లో రాలింది. లోపల వెన్న, ఆ వెనకే అనాస. నములుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు, తుడుచుకోనూ లేదు. ఇంట్లోలా మధ్యలో ఎవరూ పిలవలేదు. మొత్తం తిన్నది. చీర మీద రాలిన పొరల్ని కూడా వేలితో అద్దుకుని తిన్నది.

పళ్లెం పక్కకి జరిపి తలెత్తింది.

"చేదు లేదండీ. పులుపే ఎక్కువైంది. గుజ్జులో పంచదార ఇంకాస్త పడాలి."

రూతమ్మ గారు నడుము దగ్గరి రుమాలు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వచ్చింది," అన్నారు.