కేకుల కోడలూ, కొసరు గులాబీ

అనగనగనగా, ఎన్ని ‘గ’లు తగిలించినా అందనంత వెనక, ఒక ఊళ్ళో వకుళ అని ఒక కోడలు పిల్ల. ఆ రోజుల్లో కేకులున్నాయా అని అడగొద్దు. నా కథలో ఉన్నాయి. ఊ కొట్టండి.

ఆ వకుళకి కేకులు ముస్తాబు చెయ్యడమంటే ప్రాణం. అత్తగారి జంతికల బాణలిలో ఇసక పోసి, అందులో గిన్నె పెట్టి, పైన మూతేసి కేకు కాల్చేది. వెన్నా చక్కెరా నురగొచ్చేదాకా గిలక్కొట్టి, గోరింటాకు కోనులా కాగితం చుట్టి, కొసన చిల్లు పెట్టి పువ్వులు వేసేదీ... అబ్బబ్బ! మల్లెమొగ్గ వేస్తే సాయంత్రానికి విచ్చుకునేది. గులాబీ వేస్తే ఏడూళ్ళ తేనెటీగలు వచ్చి వాలి, కాళ్ళు అతుక్కుపోయి, అక్కడే కాపురాలు పెట్టేసేవి. నిజం, నామీద ఒట్టు. వద్దులే, మీ తాతయ్య మీద ఒట్టు.

ఇంకేముంది, ఊరు ఊరంతా ఆమె గుమ్మంలోనే. బారసాలకో కేకు, పెళ్ళికో కేకు, పళ్ళొస్తే కేకు, పళ్ళూడితే కేకు, రాజుగారి ఏనుగుకి జలుబు తగ్గితే తాడిచెట్టంత కేకు! ఎంతివ్వమంటావమ్మా అని అడిగేవాళ్ళే పాపం. అడగ్గానే వకుళ మెలికలు తిరిగిపోయి, “అయ్యో, మనలో మనకేంటండీ!” అనేసేది. వాళ్ళూ సరేననేవాళ్ళు. ఖాళీ పళ్ళెం తిప్పి పంపకూడదు కదా, రెండు తమలపాకులు పెట్టి పంపేవాళ్ళు. ఆ ఆకులు నమిలీ నమిలీ అత్తగారు తాయారమ్మ నోరు ఎర్రబడింది. ఇంట్లో చక్కెర డబ్బా తెల్లబోయింది.

ఓ రోజు అత్తగారు తేల్చి చెప్పేసింది. వచ్చే అమావాస్యకల్లా నీ వెన్నకీ చక్కెరకీ నీ కేకులే డబ్బు తేవాలి, లేదంటే నా బాణలి నాకిచ్చెయ్, జంతికలు వేసుకుంటాను అంది. వకుళ బాణలిని వాటేసుకుంది. బాణలి లేకపోతే కేకు లేదు, కేకు లేకపోతే పువ్వు లేదు, పువ్వు లేకపోతే ఈ చేతులు రెండూ ఎందుకు? ధర చెప్పడం నేర్చుకుందామని అద్దం ముందు నిలబడింది. అద్దానికి కూడా మనలో మనకేంటి అనే చెప్పింది!

ఊ వినపడదే? ఆఁ, అలాగ.

ఇంతలో ఒకావిడ వచ్చింది. తెల్లచీర, మోకాళ్ళదాకా జుట్టు. కూతురి పెళ్ళట, తెలుపు మీద తెల్లపువ్వులు వేసిన కేకు కావాలట. వకుళ ఒళ్ళు హూనం చేసుకుని నందివర్ధనాలూ మల్లెలూ వేసి పెట్టింది. అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం ఆవిడ పట్టుకెళ్ళడానికొచ్చి, ఎంతమ్మాయ్ అంది. నోటికి అలవాటు కదా, జారిపోయింది.

“మనలో మనకేంటండీ!”

ఆవిడ కళ్ళు చెరువులైపోయాయి. “నేను పోయి నూరేళ్ళయిందే! ఒక్కళ్ళయినా నన్ను ‘మనలో’ అనలేదు. అయితే నువ్వు మాలోదానివేనా వదినా? పద, తాడిచెట్టెక్కుదాం!”

అప్పుడు చూసింది వకుళ. ఆవిడ పాదాలు వెనక్కి తిరిగున్నాయి! తన కాళ్ళకేసి చూసుకుంటే, తన వేళ్ళు కూడా మెల్లగా... కిర్రు... కిర్రు... వెనక్కి! మర్యాదకి అన్న మాట అని దయ్యాలకేం తెలుసు?

“కాదండీ, ఇది బేరం! ఒక... ఒక్క కాసివ్వండి” అంది వకుళ.

దయ్యం ఇంకా మురిసిపోయింది. “ఇంత కేకు ఒక్క కాసుకా! అయినవాళ్ళకి కాకపోతే ఇంకెవరికిస్తారు వదినా!”

కిర్రు, కిర్రు! మడమలు ముందుకొచ్చేస్తున్నాయి. ఇంక వకుళ కళ్ళు గట్టిగా మూసుకుని అరిచేసింది. “వెన్నకి డబ్బు! చక్కెరకి డబ్బు! బొగ్గులకి డబ్బు! వంగి వంగి పట్టేసిన నా నడుముకి డబ్బు! నా చేతి పనితనానికి అన్నిటికన్నా ఎక్కువ డబ్బు! పది కాసులు, ఒక్కటి తగ్గినా ఇవ్వను!”

ఠక్కున పాదాలు ముందుకి తిరిగాయి. ఆ చప్పుడుకి కోటలో ఏనుగు ఉలిక్కిపడి మళ్ళీ తుమ్మింది.

దయ్యం మొహం వాడిపోయింది. “అయితే నేను పరాయిదాన్నే కదూ” అంటూ కాసులు గడప మీద పెట్టింది. వకుళ ప్రాణం ఉసూరుమంది. గబగబా కోను అందుకుని అరచెయ్యంత గులాబీ వేసి, తమలపాకులో పెట్టి ఇచ్చింది. “ఇది కొసరండీ. బేరమయ్యాక నా ఇష్టంకొద్దీ ఇచ్చేది. దీనికి ధర లేదు.”

దయ్యం ఆ గులాబీని జుట్టులో పెట్టుకుని, ఇంక మా వాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ నీ కేకే అని నవ్వుకుంటూ పోయింది.

తలుపు చాటునుంచి అంతా విన్న తాయారమ్మ బాణలి తోమి కోడలి చేతికిచ్చింది. వీధరుగు మీద కొట్టు వెలిసింది. మనుషులు పొద్దున్నా, దయ్యాలు మిట్టమధ్యాహ్నమూ వరసలో నిలబడేవాళ్ళు. ఓసారి తాయారమ్మే, మా చెల్లెలి మనవడికో కేకు చెయ్యవే, మనలో మనకేంటి అంది. వకుళ కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, “అత్తయ్యా, వేళ్ళు కదులుతున్నట్టున్నాయి, చూడండి!” అంది. అత్తగారు గబుక్కున రొంటిన దోపుకున్న డబ్బు తీసిచ్చి, “కొసరేదే?” అంది.

అంచేత పిల్లలూ, ధర దగ్గర మొహమాటపడకండి, ప్రేమంతా కొసరులో పెట్టండి. కథ కంచి దారి పట్టింది, మనం పక్క దారి పడదాం.

ఆగండాగండి. ఇంత కథ చెప్పినందుకు నాకేమిస్తారు? ఏంటీ, “మనలో మనకేంటి అమ్మమ్మా” నా? అయ్యో, అయ్యో, నా కాళ్ళు చూడండర్రా, కిర్రుమంటున్నాయి! పట్టండి, గట్టిగా పట్టండి. ఆఁ, అక్కడే... ఇంకాస్త.

ముద్దు కొసరు. తర్వాత పెడతాను.